పొట్టివేళ్ల నజ్మియే

నల్లసముద్రం పక్కన తేయాకు కొండల్లో మా ఊరు. నజ్మియే వాళ్లను అందరూ పొట్టివేళ్లవాళ్లు అనేవారు. ఆ ఇంట్లో కొందరికి వేళ్లు సగంలోనే ఎదగడం మానేసినట్టుంటాయి. అలాంటి వేళ్లున్నవాళ్లెవరూ యాభై దాటలేదు. తండ్రి నలభై నాలుగో ఏట మసీదు మెట్ల మీద కూలిపోయాడు. పెద్దక్క రొట్టెల పిండి కలుపుతూనే ఒరిగిపోయింది. నజ్మియేకూ, తమ్ముడు రుస్తెమ్‌కూ అవే వేళ్లు. నేను వాళ్ల పక్కింటి కోడలిని. దిష్టి తగిలిందనే మేమంతా అనుకున్నాం.

నజ్మియేకు ముప్ఫై తొమ్మిదేళ్లప్పుడు నగరం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి ఆ ఇంటివాళ్ల వేళ్లు కొలిచింది, రక్తం తీసుకుంది. నజ్మియే బీపీ రెండు వందల పది. ఆమెకు కనీసం తలనొప్పి కూడా లేదు!

కొన్ని నెలలకు డాక్టరమ్మ మళ్లీ వచ్చింది.

"మీ ఇంట్లో ఒక జన్యువు తేడాగా ఉందమ్మా. వేళ్లను ఎదగనివ్వనిదీ అదే, రక్తనాళాల గోడలు మందమయ్యి బిగుసుకుపోయేలా చేసేదీ అదే. బీపీకి ఈ మాత్రలు ఇస్తున్నాను, ఎప్పటికీ మానొద్దు."

రుస్తెమ్ పకపకా నవ్వాడు. "అయితే వేళ్లు నరికేసుకుంటే బీపీ దిగుతుందా డాక్టరమ్మా?"

"నవ్వరా, నవ్వు. నాన్న కూడా ఇలాగే నవ్వేవాడు" అంది నజ్మియే.

ఆమె ఒక్క పూట కూడా మాత్ర మానలేదు. అతను రెండు నెలలు మింగి, మగతగా ఉంటోందని పారేశాడు.

నాలుగో వేసవిలో తేయాకు మూటతో కొండ దిగుతూ రుస్తెమ్ ఆగిపోయాడు. "అక్కా, కొండ తిరుగుతోందే" అన్నాడు. జీపు కింది రోడ్డుకు చేరేసరికి మాట పడిపోయింది. మూడో రోజు పోయాడు. "నీ మొండితనం మండ!" అని శవాన్ని తిడుతూనే ఏడ్చింది నజ్మియే.

తర్వాత ఆమె ఒక బీపీ మిషను కొని చుట్టాల ఇళ్లన్నీ తిరగడం మొదలుపెట్టింది. ఇప్పుడామెకు యాభై ఆరు. పొట్టివేళ్లవాళ్లలో ఇన్నేళ్లు బతికింది ఆమె ఒక్కతే.

మొన్న శుక్రవారం రుస్తెమ్ కొడుకు జెవ్దెత్ ఇంటికి నన్నూ తీసుకెళ్లింది. వాడికి ఇరవై ఆరేళ్లు, తండ్రి వేళ్లే వచ్చాయి. ఆకాశమంతా మబ్బు పట్టి ఉన్నా వాడు వెలుతురు పడనట్టు కళ్లు చికిలించి, తలుపు సగమే తీశాడు.

"తర్వాత రా అత్తా. ఇవాళ కుదరదు."

"ఒక్క నిమిషం చెయ్యివ్వరా, నాయనా."

"నాకేం రోగం లేదు!" అని తలుపు మూసేశాడు.

నజ్మియే మిషను ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. కాసేపటికి లోపల ఏదో పడి పగిలింది. ఆమె రెండుసార్లు పిలిచింది.

మూడోసారికి, "బతికే ఉన్నానులే!" అన్నాడు విసుగ్గా.

ఆమె మాత్రం అక్కడి నుంచి లేవలేదు.