పగలని పొక్కు

పశువుల డాక్టరు శేషాచలం కుదురుగా కూర్చోవడం ఎవరూ చూడలేదు. స్కూటరు ఆపినా కాలు ఆడుతూనే ఉంటుంది. భుజానికి వేలాడే ఫ్లాస్కును మాటిమాటికీ చెవి దగ్గర ఊపి, లోపల ఐసు ముక్కలు ఇంకా మిగిలాయో లేదో వింటాడు. నమ్మకం కుదరక మూత తీసి చూస్తాడు. మార్టూరు పక్క ఊళ్లలో టీకాలు వేసిన పశువులకే మళ్లీ గాలికుంటు రోగం వచ్చింది. ఈసారి వచ్చింది ఏ రకం వైరసో తేలితే గాని సరైన టీకా రాదు. అది తేలాలంటే జబ్బు పశువు నాలుక మీద ఇంకా పగలని పొక్కు పొర హైదరాబాదు ల్యాబుకు చేరాలి. ఏ ఇంటికెళ్లినా ఒకటే వరస. డాక్టరుగారు వస్తున్నారని తెలిస్తే చాలు, మర్యాదగా ఉంటుందని పశువు నోరు ఉప్పుతో తోమి, పసుపు పూసి నిలబెడతారు.

వెంకటేశ్వరమ్మ కొట్టంలోనూ అంతే. "మీరు చూస్తారని జబ్బు ఎద్దు నోరు శుభ్రంగా కడిగి ఉంచానండీ," అంది.

"ఎవరు కడగమన్నారమ్మా! ఒక్క పొక్కన్నా మిగల్లేదు," అని కసిరి, బయటిదాకా వెళ్లినవాడల్లా ఆగాడు. మూలనున్న రెండో ఎద్దు చొంగ కారుస్తోంది.

"అది బానే ఉందండీ. రేపు పత్తిలో కలుపు పోవడానికి గుంటక తోలాలి. దానికి జోడుగా మా మరిది ఎద్దును అడిగాం."

శేషాచలం దాని నాలుక బయటికి లాగాడు. ఉసిరికాయంత పొక్కు, నీరు నిండి, చెక్కుచెదరకుండా ఉంది.

"హమ్మయ్య! దొరికింది," అన్నాడు ముఖమంతా నవ్వుతో.

ఆ నవ్వు చూసి వెంకటేశ్వరమ్మ కూడా నవ్వింది.

"అయితే దీనికేం భయం లేదన్నమాటేగా అండీ?"

శేషాచలం ఫ్లాస్కు మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.