చుక్కలో గీత

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే ‘గడియ వేశారా? కిటికీ చూశారా?’ అని అడిగి ఏడిపించే రకం నేను. దెయ్యాలని ఏనాడూ నమ్మలేదు. అందుకే ఇది చెప్పేటప్పుడు తాళాల సంగతి కూడా చెబుతాను.

మాది అనకాపల్లి. అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. డెంగీ వైరస్‌లోని ఒక ప్రోటీన్ ఆకారం తెలిస్తే దాన్ని అడ్డుకునే మందు తయారుచెయ్యొచ్చు. ఆకారం తెలియాలంటే ముందు ఆ ప్రోటీన్ పటికబెల్లంలా పలుకు కట్టాలి. దాన్నే క్రిస్టల్ అంటాం. ట్రేలో చిన్న చిన్న చుక్కలు వేసి, పైన టేపు అంటించి, చల్లటి గదిలో పెట్టి మైక్రోస్కోపులో చూస్తుంటాం. ఏడాదిన్నరగా మాకు నలుసులు తప్ప క్రిస్టల్ రాలేదు. నెలాఖరుకి రాకపోతే పని ఆపేస్తామని పైవాళ్ళు చెప్పేశారు.

ఆ పనిలో నాకు జత సత్యవతి. బుచ్చయ్యపేట చెరకు రైతుల పిల్ల. పాత నలుసులకి ఒక వెంట్రుక తాకించి, దాన్ని కొత్త చుక్కలో గీస్తే ఆ గీత వెంట క్రిస్టళ్ళు మొలిచే అవకాశం ఉంటుంది. సత్య తన జడలోంచే వెంట్రుక పీకి, స్పిరిట్‌లో కడిగి గీసేది. ఎడమచేతి వాటం కావడంతో తన గీత ఎప్పుడూ నా గీతకి ఎదురు వాలుగా ఉండేది.

"నువ్వు గీత్తే రాదే. నాను గీత్తేనే వత్తాది, సూడు" అని ఆటపట్టించేది. నేను మైక్రోస్కోపు వదలకపోతే నా ఎడమ భుజం మీద గడ్డం ఆనించి నసపెట్టేది.

సత్య ఆ డెంగీతోనే పోయింది. ల్యాబ్‌లో అంటుకున్నది కాదు, ఊళ్ళో దోమల వల్ల వచ్చిందే. ఆరు రోజుల్లో అంతా అయిపోయింది.

పదమూడు రోజుల తర్వాత నేనొక్కదాన్నే కొత్త ట్రే వేశాను. వెంట్రుక వాడలేదు. వేసిన రోజే ఫోటోలు తీశాను, చుక్కలన్నీ తేటగా ఉన్నాయి. గది తాళం నా దగ్గరే ఉంది.

నాలుగో రోజు పొద్దున్న పదకొండింటికి చూస్తే మొదటి చుక్కలో క్రిస్టళ్ళు కనిపించాయి. వరసగా, ఒకే గీత మీద. వాలు ఎడమచేతిది. టేపు ఎక్కడా ఊడలేదు.

నాకు సంతోషం కలగలేదు. దుమ్ము పడిందేమో అనుకుంటూ రెండో చుక్కకి జరిపాను. అందులో ఏమీ లేదు. నేను చూస్తుండగానే చుక్క మీద సన్నగా వణుకు పుట్టింది. పై మూల నుంచి కింది మూలకి వాలుగా వచ్చి, సగంలో ఆగి, మళ్ళీ సాగింది. సత్య కూడా సగంలో ఊపిరి తీసుకోడానికి ఆగేది. నా చేతులు రెండూ బల్ల అంచుని పట్టుకునే ఉన్నాయి. అప్పుడు ఎడమ భుజం మీద బరువు పడింది.

బయటికి పరుగెత్తి గోడకి ఆనుకుని నిలబడ్డాను. చెబితే ట్రే పాడైందని పారేస్తారు. ఆలస్యం చేస్తే క్రిస్టళ్ళు కరిగిపోవచ్చు. సత్యని పొట్టన పెట్టుకున్న దాని మీద మాకు దొరికిన పట్టు అదొక్కటే. మళ్ళీ లోపలికి వెళ్ళాను.

క్రిస్టల్ తియ్యాలంటే చెయ్యి కదలకూడదు. బరువు మళ్ళీ వచ్చింది. ఏడుస్తూ పైకే అన్నాను: "సత్యా, కొంచెం జరగవే. సెయ్యి వణికిపోతంది."

భుజం తేలికైంది. ఐదు క్రిస్టళ్ళు తీశాను. మర్నాడు రెండో చుక్కలోనూ అదే వాలుతో గీత ఉంది.

వాటిని ఎక్స్‌రేలో పెడితే ప్రోటీన్ ఆకారం తెలిసింది. మందు పని ఇంకా నడుస్తోంది. అవే కొలతలతో ఎన్ని ట్రేలు వేసినా మళ్ళీ ఒక్క క్రిస్టల్ కూడా రాలేదు.

రికార్డు పుస్తకంలో ఎవరు గీశారో రాసే గడి ఒకటి ఉంటుంది. నా పేరు రాస్తే అబద్ధం. సత్యవతి అని రాసి, గీత కనిపించిన రోజు తేదీ వేశాను. రికార్డు సరిచూసే మా ల్యాబ్ సార్ ఫోటోలు తెప్పించుకుని, మొదటి రోజువీ నాలుగో రోజువీ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఆ పేరు పక్కనే సంతకం పెట్టారు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. భయమూ పోలేదు. మైక్రోస్కోపు ముందు మాత్రం ఎడమవైపు కాస్త చోటు వదిలి కూర్చుంటాను.