తులసికోట మొదట్లో పసుపు నీళ్ళు

గజపతినగరంలో మా పెరటి తులసి ఆ ఎండాకాలం మనిషెత్తు పెరిగింది. వీధిలో మొక్కలన్నీ మాడుతుంటే మా తులసి ఆకు తమలపాకుకి తమ్ముడిలా ఉండేది. కారణం మా అత్తగారికి తెలుసు. శ్రీకూర్మం వెళ్ళి స్వామికి మొక్కుకుని వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ రోజూ ఆ కోట చుట్టూ తిరుగుతూ నామాలు చదువుతున్నారు. నాకూ సందేహం లేదు. పుట్టింట్లో పురాణాలు వింటూ, భజన గోష్ఠిలో పెరిగినదాన్ని. భగవంతుడు తలచుకుంటే ఒక మొక్కకి నీళ్ళు పోయలేడా?

శనివారాలు ఆడవాళ్ళ గోష్ఠి మా పెరట్లోనే. నేను పురాణం చదివేదాన్ని. అత్తగారు తీర్థంతోపాటు ఆ తులసి దళాలు అందరి చేతుల్లో పెట్టేవారు. కొందరు ఇంకో గుప్పెడు అడిగి, ఇంట్లో దగ్గులకి కషాయం కాచేవారు. నలుగురిలో అత్తగారి పేరంతా ఆ ఆకుమీదే నిలబడి ఉండేది.

ఇంట్లో మాత్రం నీళ్ళు మాట వినడం మానేశాయి. వంటింటి తూములో గంజి వంపితే స్నానాలగది జాలీలో గుడగుడమనేది. స్నానం చేసేవాళ్ళం చీలమండల లోతు సబ్బునీళ్ళలో నిలబడి దేవుణ్ణి తలచుకునేవాళ్ళం. మా ఆయన వెదురుబద్దతో జాలీలో పొడిచి, "జుత్తడ్డం పడుంటాది" అని తేల్చేశారు. ఇంట్లో బారెడు జడ ఉన్నది నాకొక్కదానికే కాబట్టి ఆ నేరం నామీదే పడింది. వీధి కాలువలోకి తెరుచుకునే మా పైపు మూతి మాత్రం ఎండిపోయి, అందులో సాలెపురుగు గూడు కట్టుకుంది. అది చూసి అత్తగారు పక్కింటావిడతో, "మా కోడలు నీళ్ళు సూసి వాడతాది" అన్నారు. ఆ మెప్పుకి పొంగిపోయానే తప్ప, ఇంట్లోంచి పోయిన నీళ్ళు ఎటు వెళ్తున్నాయో ఆలోచించలేదు.

ఒక శనివారం అందరూ స్నానాలగదిలో కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. తీర్థం, దళం పుచ్చుకున్నాక నేను పాలసముద్రం చిలికే ఘట్టం మొదలుపెట్టాను. మందరపర్వతం మునిగిపోతున్న చోటికి వచ్చేసరికి మెత్తగా ఏదో కుంగిన చప్పుడైంది. తలెత్తి చూస్తే తులసికోట ఒక పక్కకి ఒరిగి ఉంది.

అత్తగారి ముఖంలో నెత్తురు లేదు. "ఏటి అపసారం జరిగిపోనాదో. ఇంక నా సేత్తో దళం ఎవులు పుచ్చుకుంటారు?"

మైల ఎవరు కలిపారా అని ఆడవాళ్ళంతా ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారు. నా చూపు ఒళ్ళోని పుస్తకం మీదే ఉంది. మందరం పాపం చేసి మునగలేదు. కింద ఆధారం లేక మునిగింది. కోట చుట్టూ చూశాను. వాన చుక్క లేని రోజుల్లో అక్కడ మాత్రం నేల బురదగా ఉంది.

ఎవరూ చూడకుండా లోపలికి వెళ్ళి, పూజపళ్ళెంలోని పసుపంతా బకెట్టు నీళ్ళలో కలిపి, స్నానాలగది జాలీలో గుమ్మరించాను. కాసేపటికి పెరట్లో గోల. వెళ్ళి చూస్తే కోట మొదట్లో పచ్చటి పసుపు నీళ్ళు ఊరుతున్నాయి. అందరూ లేచి నిలబడి చేతులు జోడించారు. అత్తగారి కళ్ళనిండా నీళ్ళు.

"తల్లి అలిగి పసుపడిగినాదే" అన్నారు. ఎవరో హారతి పాట కూడా అందుకున్నారు.

ఇక చెప్పక తప్పలేదు. "అత్తా, ఆ పసుపు నేనే పోశాను. స్నానాలగదిలో."

పాట ఆగింది. ఒకావిడ బుగ్గన ఉన్న దళాన్ని మెల్లగా తీసి కొంగులో దాచుకుంది. గోష్ఠిలో అందరికంటే పెద్దావిడ, శ్రీకూర్మం దగ్గర తీరం నుంచి వచ్చి ఎండుచేపలు అమ్ముకునే మనిషి, అడిగింది.

"అయితే ఇన్నాళ్ళూ మనం తిన్నదేటి?"

అత్తగారు లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

తవ్వించి చూస్తే పాత సిమెంటు గొట్టం కోట బరువుకి పగిలి కూలిపోయి ఉంది. ఈశాన్యమే మంచిదని కోటని సరిగ్గా దానిమీదే కట్టించుకున్నాం. పగుల్లోంచి దూరిన వేళ్ళు గుర్రం తోకలా గొట్టమంతా నిండాయి. కొత్త పైపు పక్కనుంచి వేయించి, కోటని జరిపి కట్టించి, పాత మొక్క గింజలే చల్లాం.

అత్తగారు కొన్నాళ్ళు గోష్ఠి వద్దన్నారు. మొక్కలు మొలిచి నాలుగాకులు వేశాక, నేను పట్టుబట్టి మళ్ళీ పిలిచాను. అందరూ వచ్చారు. తీర్థం పుచ్చుకున్నారు. అత్తగారు దళాల పళ్ళెం పట్టుకుంటే మాత్రం ఒక్క చెయ్యీ లేవలేదు.

ఎండుచేపల పెద్దావిడ పళ్ళెంలోకి వంగి చూసింది. "ఆకులు ఇంత సిన్నవైపోనాయేటే?"

"తిండి తగ్గించినానప్పా" అన్నారు అత్తగారు.

పెద్దావిడ పకపకా నవ్వి చెయ్యి చాపింది. దళం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. ఆ వెనకే ఒక్కొక్క చెయ్యీ లేచింది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆగి, నేను పుస్తకం తెరిచి, ఆరోజు మునిగిన చోటనుంచే మందరాన్ని పైకెత్తడం మొదలుపెట్టాను.