పిస్తోలుకు నూనె ఎక్కువైన రోజు

పోలీసు ఆయుధాగారంలో ఇరవై రెండేళ్లు ఆర్మరర్‌గా పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. ఆర్మరర్ అంటే తుపాకులు పేల్చేవాడు కాదు. వాటిని విప్పి, తుడిచి, నూనె రాసి, అవసరమైన క్షణాన పేలేలా ఉంచేవాడు. నా చేతి మీదుగా వందల ఆయుధాలు వెళ్లాయి. వాటిలో ఒక్క పిస్తోలు మాత్రం నన్ను ఇంకా వదల్లేదు.

నా సర్వీసులో మొదటి ఏడేళ్లు సముద్రపు ఒడ్డున గడిచాయి. అక్కడిది ఉప్పుగాలి. వారం రోజులు చూడకపోతే ఇనుము ఎర్రబారేది. అక్కడ నాకు పని నేర్పిన పెద్దాయన నూనె ధారాళంగా పోయించేవాడు. అదే అలవాటుతో బదిలీ మీద సొంత జిల్లాకు వచ్చాను. ఇక్కడ తుప్పు పట్టేంత తడి ఎక్కడిది? ఆషాఢంలో రేగే గాలికి బీడుపడిన వేరుశనగ చేలన్నీ ఎర్రదుమ్ముగా లేస్తాయి. తింటున్న కంచంలో కూడా ఆ దుమ్మే. ఈ నేల మీద పుట్టినవాణ్ణే అయినా నా చేయి మాత్రం మారలేదు.

ఆ రోజుల్లో ఒక అధికారికి గన్‌మన్‌గా ఉన్న కానిస్టేబుల్ వారానికోసారి తన పిస్తోలు నాకు చూపించడానికి వచ్చేవాడు. ధర్మవరంలో నేతపని చేసే ఇంట పుట్టినవాడు. భార్య ఇంట్లోనే పట్టుచీరలు నేసేది. ఇతను సాయంత్రం రైలెక్కి ఇల్లు చేరి, తెగిన పోగులు అతకడంలో, పడుగు సర్దడంలో ఆమెకు రెండో మనిషిగా ఉండేవాడు.

పిస్తోలు విప్పడంలో అతని పద్ధతి చూడముచ్చటగా ఉండేది. ముందు గుండ్లుండే మ్యాగజైన్ తీసి పక్కన పెట్టేవాడు. పైనుండే స్లైడు వెనక్కి లాగి, లోపల గుండు లేదని కంటితో చూసి, నమ్మకం చాలక చిటికెన వేలితో తడిమేవాడు. బారెల్‌లో బ్రష్షు తోసి, మసి అంటకుండా వచ్చేదాకా గుడ్డముక్కలు మార్చేవాడు. నూనె దగ్గరే మాకు పేచీ. స్లైడు జారే గాడుల్లో ఒక్కొక్క చుక్క వేసి, వేలితో పరిచి, మిగిలింది తుడిచేసేవాడు.

"ఏమప్పా, నూనె నీ ఇంటినుంచి తెస్తాండావా? ఇంత పిసినారితనం యాల?" అన్నాను ఒకరోజు.

"ఈడ దుమ్ము గదన్నా. ఎక్కువ పెడితే దుమ్మంతా ఆడనే అతుక్కుంటాది. మా మగ్గానికి గూడా ఇంతే. చుక్క వేసి తుడిచేస్తాం. ఎక్కువైతే పట్టు మీద మరక పడతాది."

పక్కన ఇంకో ఇద్దరు నవ్వారు. వాళ్లు నవ్వింది అతని మగ్గం మాటకే కావచ్చు, నాకు మాత్రం నన్ను చూసి నవ్వినట్టు అనిపించింది.

"ఆర్మరర్ నువ్వా నేనా? చీరలు నేసేది నాకు నేర్పిస్తావా?" అని పిస్తోలు లాక్కున్నాను. గాడులు నిండా నూనె పోశాను. పొడిగా ఉండాల్సిన మ్యాగజైన్ లోపల కూడా పోశాను. "ఇట్ల ఉండల్ల. ఈసారి పొడిగా తెస్తే పై అధికార్లకు రాసి పంపిస్తా" అన్నాను.

"సరేన్నా" అన్నాడు. అంతే. ఆ తర్వాత నేను చెప్పినట్టే చేశాడు.

ఆషాఢంలోనే ఫైరింగ్ పరీక్ష వచ్చింది. ఊరి బయట గుట్ట కింద, గాలి నిలబడనివ్వని చోట. అతను నెల రోజులుగా బైకు మీద అధికారి వాహనం వెనక పల్లెల్లో తిరిగి వచ్చాడు. మొదటి గుండు పేలింది. పేలాక స్లైడు దానంతట అదే వెనక్కి వెళ్లి, ఇంకో గుండును ఎక్కించుకుని ముందుకు రావాలి. సగంలో ఆగిపోయింది. సరిచేసి మళ్లీ పేల్చాడు. మళ్లీ ఆగింది. పై అధికారి వచ్చి పిస్తోలు విప్పించి, గాడిలో వేలు పెట్టి తీశాడు. వేలికి ఎర్రగా, నల్లగా, గంధం తీసినంత ముద్ద.

"ఇది ఎవరు చూస్తున్నారు?" అని నా వైపు తిరిగాడు.

"వారానికోసారి నేను చూసి పంపిస్తాను సార్. రోజూ తుడుచుకోవాల్సింది మాత్రం ఆయుధం పెట్టుకున్నవాడే."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఆ కానిస్టేబుల్ నా వైపు ఒకసారి చూశాడు. నూనె సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వారంలోపే గన్‌మన్ డ్యూటీ తీసేసి, కణేకల్ అవతల రాష్ట్ర సరిహద్దు కాపలాకు పంపారు. అక్కడినుంచి ధర్మవరం రోజూ వచ్చిపోయే దూరం కాదు. రెండో మనిషి లేక కొన్నాళ్లకు ఆ ఇంట్లో మగ్గం ఆగిందని, ఆమె వేరేవాళ్ల ఇంటికి కూలికి పోయి నేస్తోందని విన్నాను. విని ఊరుకున్నాను.

నా చేయి మాత్రం ఆ రోజునుంచే మారింది. చుక్క వేసి, పరిచి, తుడిచెయ్యడం మొదలుపెట్టాను. కొత్తగా వచ్చినవాళ్లకూ అదే నేర్పాను. మా ఆయుధాలు దుమ్ములో ఆగవని పేరొచ్చింది. ఒక పంద్రాగస్టు నాడు మైదానంలో నన్ను పిలిచి ప్రశంసాపత్రం ఇచ్చారు. చప్పట్ల మధ్య దాన్ని అందుకుంటుంటే నా చెవులు వేడెక్కాయి. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. ఎండ ఎక్కువగా ఉందని టోపీ సర్దుకుని వరుసలోకి వచ్చేశాను.

రిటైరైన రెండో నెలలో ధర్మవరం వెళ్లాను. అతనూ అప్పటికే ఉద్యోగం మానుకుని, పట్టుచీరల అంగట్లో పనిచేస్తున్నాడు. ఆ రోజు సెలవు. అరుగు మీద కూర్చోబెట్టాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక వాన సంగతి, మోకాళ్ల సంగతి మాట్లాడి, చివరికి అన్నాను.

"ఆ పొద్దు తప్పు నీది కాదప్పా. నాది."

"తెలుసు గదన్నా. నువ్వే చెప్తావేమోనని రెండు దినాలు చూసినా. ఆమీద చూడడం మానుకున్నా."

అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది. లోపలికి చూస్తూ అన్నాడు.

"నాకు చెప్పేదేముండాదిలే. ఆయమ్మకు చెప్పు. నేను సోమరితనంతో తుడ్చకనే పోస్టు పోగొట్టుకున్నానని ఇన్నేండ్లూ అనుకుంటాంది."

అతని భార్య మజ్జిగ తెచ్చింది. గ్లాసు పట్టుకుని మొత్తం చెప్పాను. అతను వద్దన్నది, నేను పోయించింది, అధికారి అడిగితే తప్పించుకున్నది. ఆమె నిలబడే విన్నది. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. భర్త వైపు తిరిగింది.

"నువ్వన్నా నాకు చెప్పకూడదా?"

"చెప్తే నమ్మింటావా?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది. అతను తల వంచుకుని అరుగు గచ్చు చూస్తూ కూర్చున్నాడు.

అతని ఉద్యోగం, మగ్గం మాత్రమే చెడగొట్టానని అన్నేళ్లూ అనుకున్నాను. ఆ ఇంట్లో ఇద్దరి మధ్య నేను ఎన్నేళ్లుగా అడ్డుగా కూర్చున్నానో అప్పుడు తెలిసింది. క్షమించమని అడగాలనే వెళ్లాను. ఆ మాట నోటికి రాలేదు. "పోయొస్తా" అన్నాను. అతను "జాగ్రత్తన్నా, మూడు గంటలకు బస్సు ఉండాది" అని వీధి చివరిదాకా వచ్చి సాగనంపాడు.