పొలమారిన పూట

మా అక్కతో మాట మానేసి ఎన్నేళ్లయిందో డైరీలు తిరగేస్తే తెలుస్తుంది. తిరగేయను. ఎందుకు మానేశానో మాత్రం రాస్తాను.

అప్పుడు నేను పులివెందుల తాలూకా కచేరీలో గుమాస్తాను. ప్రొద్దుటూరులో అక్క ఇంటికి వెళ్లినప్పుడు రెండేళ్ల నా కూతురికి దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. ఊపిరి తీస్తే డొక్కలెగరేసేది. అక్కడి డాక్టరు చూసీ చూడకుండానే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నాడు. పెన్సిలిన్ సూదులు వేస్తే జ్వరం తగ్గేది, ఆపితే మళ్లీ వచ్చేది. ఎందుకు తిరగబెడుతోందని అడిగాను.

"డాక్టరు నువ్వా, నేనా? పోయి కచేరీలో కాగితాలు రాసుకోప్పా!"

నేను ఇంటికి తిరిగి వచ్చేసరికి అక్క నా బిడ్డ పొట్టమీద వాత పెట్టించేసింది.

"ఏందిక్కా ఈ పని?"

"నిమ్ముకు వాత పెట్టక పూలు పెడ్తారా? శానా చదివినోడివి!"

ఆ పూటే నేనూ నా భార్యా బిడ్డను జమ్మలమడుగు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ ఛాతీకి రెండు పక్కలా గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"కుడిపక్క గాలి సరిగా ఆడటం లేదు. దగ్గు మొదలైన రోజు ఏదైనా తింటూ ఉక్కిరిబిక్కిరైందా?"

నా భార్య లేదంది. నేను సంచిలోంచి డైరీ తీశాను. ఆ రోజు నా రాతే, పైకి చదివాను: "అక్క వేయించిన శనక్కాయ విత్తనాలు పెట్టింది. పాపకు పొలమారింది. మేనమామ తలుచుకున్నాడని నెత్తిన తట్టాం, నవ్వుకున్నాం. కాసేపు దగ్గి ఊరుకుంది."

"ఎవరూ తలుచుకోలేదు. విత్తనం ఊపిరిగొట్టంలో పడింది. మీరేమో నవ్వారు," అంది డాక్టరమ్మ. నాకు తల తీసేసినట్టయింది.

ఆమె చీటీ రాసిచ్చి మద్రాసు పంపింది. అక్కడ గొంతులోకి గొట్టం దించి, ఉబ్బిన శనక్కాయ బద్దను బయటికి తీశారు. ఆ తర్వాత జ్వరం మళ్లీ రాలేదు. ప్రొద్దుటూరు డాక్టరుకు ఉత్తరం రాశాను. జవాబివ్వలేదు.

కొన్ని నెలలకు బంధువుల పెళ్లిలో, పదిమంది ముందు, అక్క నా బిడ్డ గౌను పైకెత్తి వాత మచ్చ చూపించింది.

"సూడండి, నేను పెట్టించబట్టే బతికింది. మావోడు మద్రాసు మద్రాసు అని చెప్పుకుంటాండాడు!"

అందరూ నవ్వారు. బిడ్డ ఏడుస్తూ గౌను కిందికి లాక్కుంటోంది. అక్క చెయ్యి విదిలించేసి బిడ్డను ఎత్తుకున్నాను.

"ఇంకోసారి నా బిడ్డను తాకొద్దు," అన్నాను. అక్కతో నేనన్న ఆఖరి మాట అదే.