మోకాళ్ల మీదికే నీళ్లు

మా బాపు మందమర్రిలో పంపు ఖలాసీ. బొగ్గు బాయి లోపల ఊరే నీళ్లను మోటారుతో పైకి తోడి వాగులోకి వదిలేయడం ఆయన కొలువు. షిఫ్టంతా నీళ్లు పారబోసి ఇంటికొస్తే, ఒంటికి పోసుకోవడానికి చెంబెడు నీళ్లు ఉండేవి కావు. ఇది ఎవరికీ వింతగా తోచకపోవడమే నాకు ఇప్పటికీ వింత.

నేను బడికి పోయే రోజుల్లో ఒక ఎండాకాలం కాలనీ నల్లాలు ఎండిపోయాయి. మా క్వార్టర్ల వరసకు ట్యాంకర్ వచ్చేది. కొట్లాటలు పడలేక ఆడవాళ్లే ఒక కట్టుబాటు చేసుకున్నారు, తలకొక బిందె అని. పంచే పని చివరింటి పెద్దమ్మది. పైపు ఆమె చేతిలో ఉంటే డ్రైవర్ కూడా నోరెత్తేవాడు కాదు.

ఒకరోజు ఆమె మా బిందెల ముందు పైపు మడిచి పట్టుకుని మా అవ్వను, అంటే అమ్మను, నిలదీసింది.

"నీ పెనిమిటి పొద్దంత నీళ్లల్లనే ఉంటడు గదనే. గాయినకు మళ్ల బిందె ఎందుకు?"

వరసంతా అవునంది. అంతదాకా ఎవరికీ రాని అనుమానం అందరికీ ఒక్కసారే వచ్చింది. అవ్వకు ఒళ్లు మండిపోయింది. బాపు బిందె పోతే బాపు స్నానం పోయినట్టే. మసితో ఒళ్లంతా దురద, వీపు అప్పటికే గోకి గోకి పుండ్లు పడి ఉంది.

"గా నీళ్లు ఒంటికి పోసుకునేటియా? తోలు ఊడుతది!" అంది అవ్వ. ఎవరూ వినలేదు. "అయితే రేపు మనిషినే తెస్త. మీరే చూడుండ్రి" అని ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చేసింది.

మర్నాడు బాపు ఇంట్లో అడుగు పెట్టకముందే ఆయన్ను తీసుకుపోయి ట్యాంకర్ దగ్గర నిలబెట్టింది. కళ్లూ పళ్లూ తప్ప మనిషి కనపడడు. నాకు తల తీసేసినట్టయింది. కానీ గెలిచామనే అనుకున్నాను.

పెద్దమ్మ సంతలో ఎద్దును చూసినట్టు ఆయన చుట్టూ తిరిగింది. మెడ చూసింది, చేతులు చూసింది.

"బూట్లిప్పి, ప్యాంటు జర మీదికి గుంజు తమ్మీ."

బాపు గుంజాడు. పొద్దంతా బూట్లలోకి దిగిన నీళ్లలో నాని, మోకాళ్ల కింద కాళ్లు తెల్లగా, ముడతలు పడి, వేరే మనిషివిలా ఉన్నాయి.

"కాళ్లు తానం జేసే వచ్చినయి" అని తేల్చింది పెద్దమ్మ. "మోకాళ్ల మీదికే నీళ్లియ్యాలె. ముప్పావు బిందె."

"గవి కడిగిన కాళ్లు కావు, నీళ్లల్ల నాని పాసిన కాళ్లు!" అని అరిచింది అవ్వ. "అయినా నెత్తిన పోసిన నీళ్లు కాళ్లకు రాకుంట యాడికి పోతయి?"

"గట్లయితే కాళ్లకు ఊకెనే వస్తున్నయి గద. ఇంక పంచాయితి ఏంది?"

అవ్వ మళ్లీ అందుకునేలోపే బాపు, "సరే అక్కా, మోకాళ్ల మీదికే పోసుకుంట" అని అందరి ముందూ మాటిచ్చాడు. ఆ ఊపులో, మా వరసలోని ఒక బట్టతల ఆయనకు తలంటు నీళ్లు తగ్గించాలని ఎవరో అన్నారు. ఆయన భార్య చీపురు తెచ్చేసరికి ఆ మాట అక్కడే ఆగింది. ఎండాకాలమంతా మా బాపుది ముప్పావే. పెద్దమ్మ అందులో చుక్క తగ్గించలేదు, అదీ ఒప్పుకోవాలి.

ఆమె పోయి ఏళ్లయింది. బాపు రిటైరై, అవ్వతో పాటు కరీంనగర్‌లో నా దగ్గరే ఉంటున్నాడు. నల్లా తిప్పితే నీళ్లు. అయినా బాపు స్నానం చేసి వచ్చాక చూస్తే బకెట్‌లో పావు వంతు నీళ్లు అట్లాగే ఉంటాయి. చాలాకాలం మతిమరుపనుకున్నాను. మొన్న ఎందుకు మిగిల్చావని గట్టిగా అడిగితే, "గవి కాళ్లయి" అన్నాడు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఆ నీళ్లు చెంబుతో కాళ్ల మీద పోశాను. వేళ్ల సందులు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఆయన గబుక్కున కాళ్లు వెనక్కి లాక్కుని తలుపు వైపు చూశాడు.

"మెల్లగ పొయ్యి బిడ్డా. పెద్దమ్మకు తెలిస్తె మీ అవ్వ బిందె గూడ బంద్ జేస్తది."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.