అన్నయ్య తెచ్చిన వంపు తెర

బస్సు డిపోలో ఆమెను అందరూ డ్రైవరమ్మ అనే పిలుస్తారు. స్టీరింగ్ వదిలి రెండేళ్ళు దాటినా ఆ పేరు పోలేదు. ఆమె పోనివ్వలేదు. విచారణ కిటికీ వెనక కూర్చోబెట్టిన కొత్తలో ఒక గుమాస్తా "ఎంక్వైరీ మేడం" అని పిలిస్తే తల కూడా తిప్పలేదు. అతను మళ్ళీ పిలిచాడు. "ఆ పేరుగల మనిషి ఇక్కడ లేదు, వెళ్ళి వెతుక్కో" అంది.

ఎడమ కన్ను రాయి దెబ్బకి పోయింది. ఒక సమ్మె రోజున ఎవడో విసిరిన రాయి బస్సు అద్దాన్ని పగలగొట్టుకుని లోపలికొచ్చింది. గాజు పెంకు కంట్లో దిగినా ఆమె స్టీరింగ్ వదల్లేదు. బస్సును రోడ్డు వారకి చేర్చి, జనమంతా దిగాక తను దిగింది.

ఆస్పత్రి నుంచి వచ్చి, కట్టు విప్పించుకుని డిపోకి వెళితే డ్యూటీ బోర్డు మీద డ్రైవర్ల వరుసలో ఆమె పేరు లేదు. 'విచారణ కిటికీ' అని రాసిన చోట ఉంది. కింద సంతకం సొంత అన్నయ్యది. ఆయన ఆ డిపోలోనే సూపర్‌వైజరు. ముందు రోజు సాయంత్రమే ఆమె ఇంటికొచ్చి, టీ తాగి, చెల్లెలి తల నిమిరి వెళ్ళాడు. ఈ సంగతి గురించి మాత్రం నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు.

ఆ నిప్పు ఆమె కడుపులో అలాగే ఉండిపోయింది. పైకి మాత్రం అన్నయ్య వస్తే కుర్చీ వేసేది, టీ పెట్టేది. ఆయన వెళ్ళాక గిన్నెలు తోమితే ఆ మోత పక్కింటికి వినిపించేది.

ఆమె భర్త దర్జీ, నెమ్మదస్తుడు. కోపం పంచుకోవడానికి పనికొచ్చే మనిషి కాదు. కొట్టు పనికని ఇంట్లో ఒక పాత కంప్యూటర్ పెట్టుకున్నాడు. అందులో ఒక లారీ నడిపే ఆట ఆమె కంటపడింది. మొదటిసారి ఆడినప్పుడే ఒక విషయం అర్థమైంది. బయట లోకంలో రెండు కళ్ళవాళ్ళు దూరాన్ని ఇట్టే పట్టేస్తారు, ఆమెకి తడుముకోవాల్సి వస్తుంది. తెర మీద బొమ్మ పలకలా చదును, అందులో దూరం ఉండదు. దాని ముందు కూర్చుంటే ఎవరైనా ఒంటికన్ను వాళ్ళే. అక్కడ ఆమె ఎవరికీ తీసిపోదు.

బల్లకి బిగించే స్టీరింగ్ కొనుక్కుంది. డ్యూటీ నుంచి రాగానే చేతులు కడుక్కుని అదే పని. కొండ మలుపుల్లో పెద్ద లారీ దింపుతుంటే భుజాలు వాటంతటవే వాలేవి, దవడ వదులయ్యేది. చిక్కంతా తెరతోనే. అది చిన్నది, పాతది. మలుపు తిరిగితే రోడ్డు పక్క స్తంభాలన్నీ తోకలు లాగేవి. ముందు వెళ్ళే బండి ఎంత త్వరగా పెద్దదవుతోందో చూసే ఆమె దూరం అంచనా వేసుకుంటుంది. బొమ్మ అలుక్కుపోతే ఆ అంచనా గాల్లో కలిసినట్టే. ఒకరోజు ముందు వెళ్తున్న నూనె ట్యాంకరుని వెనకనుంచి గుద్దేసింది. స్టీరింగ్ మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది.

"ఏవండీ, ఇది పారేసి మంచిది కొంటాను. ఆటలకి పనికొచ్చేది."

"కొనుక్కో. ఎలాంటిది కావాలో చూశావా?"

"కొట్టుకెళ్ళి, కూర్చుని, నడిపి చూసి మరీ కొంటాను. చెప్పుల జత కొనేటప్పుడు తొడిగి చూడమా?"

ఈ మాట భర్త నోటివెంట అన్నయ్య చెవిన పడింది. ఆదివారం పొద్దున ఆయన ఆటోలోంచి మనిషంత పెట్టె దింపించాడు. ఎవరినీ అడక్కుండా కత్తితో అట్ట చీల్చి, పాత తెర తీసి కింద పెట్టి, కొత్తది నిలబెట్టాడు. బల్ల ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరుచుకుంది. రెండు కొసలూ విల్లులా లోపలికి వంగి ఉన్నాయి.

"షాపులో ఇంతకంటే పెద్దది లేదు. ఒక కన్నే కదా, పెద్దగా ఉంటే శుభ్రంగా కనిపిస్తుందని" అన్నాడు అన్నయ్య, నడుం మీద చేతులు పెట్టుకుని.

ఆమె కూర్చుని ఆటలో లారీ బయల్దేరదీసింది. ఎదురుగా రోడ్డు కనిపించింది. లారీ ఎడమ అద్దం కనిపించలేదు. అది ఎక్కడో ఆ వంపు కొసన ఉంది. ముక్కు అడ్డమొచ్చి, కన్ను లేని వైపంతా చీకటి. తల తిప్పితే అద్దం కనిపించింది, రోడ్డు పోయింది. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. మొదటి కూడలిలోనే ఎడమ నుంచి వచ్చిన కారు వచ్చి తగిలింది.

"అలవాటవుతుందిలే" అన్నాడు అన్నయ్య.

కోపం ఆమె నషాళానికంటింది. లేచి నిలబడి తీగలు పీకేసింది. "పెట్టెలో పెట్టు అన్నయ్యా. షాపుకి పద."

"ఏంటే ఇది? ప్రేమగా తెస్తే మొహాన కొడతావా?"

"పద."

భర్త ఆటో పిలిచాడు. ముగ్గురూ, మధ్యలో పెట్టె.

షాపులో పొద్దున పెట్టె అమ్మినాయన బట్టతల మనిషి, మెడలో కళ్ళజోడు వేలాడుతోంది. విప్పిన పెట్టె చూడగానే మూతి ముడిచాడు. కొన్నవారు ఒప్పుకుంటే వేరేది తీసుకోవచ్చన్నాడు. "ఏం తేడా వచ్చింది సార్?" అని అన్నయ్యని అడిగాడు.

"నన్నడగండి. వాడేది నేను" అంది ఆమె. "నాకు ఎడమ కన్ను లేదు. తెర కొస ఆ పక్కకి పోతే నాకది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. వంపు వద్దు, ఇంత వెడల్పు వద్దు. మలుపులో బొమ్మ తోక లాగకూడదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఈ ముక్క పొద్దునే చెప్పుంటే ఇంత మోత ఉండేది కాదు కదమ్మా."

"పొద్దున నన్నెవరు తీసుకొచ్చారు?"

అన్నయ్య గొంతు పెరిగింది. "అందరి ముందూ నన్ను దొంగని చేస్తున్నావా? నాన్న పోయినప్పట్నుంచి కంటికి రెప్పలా చూసుకున్నానే నిన్ను!"

"చూసుకున్నావు. రెప్ప పని మూసెయ్యడం కూడా అన్నయ్యా. డ్యూటీ బోర్డు మీద మూశావు, ఇవాళ బల్ల మీద మూశావు. ఒక్కసారైనా 'ఏమే, నీకేం కావాలి' అని అడిగావా?"

భర్త చొక్కా గుండీ సవరించుకుంటూ నేలచూపు చూశాడు.

"నేను ఆ సంతకం పెట్టకపోతే అసలు ఉద్యోగంలోంచే తీసేసేవాళ్ళు" అన్నాడు అన్నయ్య. గొంతు దిగింది. "పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఆ కిటికీ సంపాదించాను."

ఆమెకి ఇది కొత్త సంగతి. దాంతో కోపం ఇంకా ఎగదన్నుకొచ్చింది.

"మరి ఆ మాట నాకు చెప్పడానికి నోరు పడిపోయిందా? మా ఇంట్లో టీ తాగావే, ఆ రోజు! ఒంటికన్నుతో బస్సు నడపకూడదని నాకు తెలీదా? నువ్వు చెప్పుంటే నేనే వెళ్ళి తాళాలు ఇచ్చేదాన్ని. గుమాస్తాలందరి ముందూ బోర్డు మీద చదువుకున్నాను, పరాయిదానిలా!"

అన్నయ్య కౌంటరు దగ్గరికెళ్ళి మార్పిడి కాగితం మీద సంతకం పెట్టాడు. "నీకేది కావాలో అదే తీసుకో" అని, భర్తతో "వస్తాను బావా" అని, గాజు తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. ఆమె వెనక్కి పిలవలేదు.

కుర్చీ లాక్కుని కూర్చుంది. షాపాయన కారు ఆట పెట్టాడు. మొదట ఆమె అన్నిటికంటే చిన్నది చూపించమంది. "మరీ చిన్నదైతే దూరంగా ఉన్న బండి చీమలా ఉంటుందమ్మా, నడిమిరకం చూడండి" అన్నాడు. అదీ నిజమే. చదునైన తెరలు రెండు పక్కపక్కన పెట్టాడు. సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో రాసిన అంకె ఒకదాని మీద చాలా పెద్దది. అందులో నడిపితే చెట్ల వెనక నల్లటి మరక జారింది. రెండోదాని అంకె తక్కువ. బొమ్మ మాత్రం కడిగిన గాజులా ఉంది.

"అంకె చూసి మోసపోకండి. ఇది కొత్త బొమ్మకి మారుతుంది గానీ పాతదాన్ని త్వరగా తుడవదు" అన్నాడాయన.

"దీన్ని కొంచెం కుడికి జరపండి" అంది ఆమె, రెండోది చూపిస్తూ. జరిపాడు. "ఇంకొంచెం." రెండు అద్దాలూ రోడ్డూ ఒక్క చూపులో ఒదిగాయి. వెనక ఎవరో తమ వంతెప్పుడని గొణిగారు. ఆమె తిరిగి చూడకుండా మరో మలుపు తిప్పింది. "ఇదే" అంది.

ఇంటికొచ్చాక భర్త తెర బిగిస్తూ మెల్లగా అన్నాడు, "బావగారు నిజంగానే నీ ఉద్యోగం నిలబెట్టాడేమో."

"నిలబెట్టాడు. కాదన్నానా? అయినా నాకు కోపంగానే ఉంది. రెండూ ఉంటాయి."

ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని మిగతా మరలు బిగించాడు.

నెల రోజులు అన్నయ్య ఆ ఇంటి గడప తొక్కలేదు. డిపోలో ఎదురుపడితే చూపు తప్పించేవాడు. ఒక మధ్యాహ్నం విచారణ కిటికీ ముందు వరసలో, సంచులు పట్టుకున్న జనం మధ్య నిలబడ్డాడు. వంతు వచ్చింది.

"అది... బాగా కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"ఆదివారం రమ్మంటే వస్తాను."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన వెనక వరస పెరుగుతోంది. రమ్మనే మాట నోటిదాకా వచ్చింది గానీ పెదవి దాటలేదు.

"ఇప్పుడే వద్దు. నేను చెప్తాను" అంది. పక్కకి జరగమన్నట్టు చెయ్యి ఊపి, వెనకున్న ముసలాయన్ని అడిగింది, "ఎక్కడికి వెళ్ళాలి తాతగారూ?"